ఇంటిపేరు దగ్గర ఆగిన మా షాపు

మా వదిన పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి తన శుభలేఖ కోసం ఇల్లంతా వెతికింది, అదీ చోడి లడ్డూల షాపు పెట్టడం కోసం. చోళ్లు అంటే రాగులు, మా ఉత్తరాంధ్రలో చోళ్లనే అంటాం. వదిన చేసే లడ్డూలు, జంతికలు చుట్టాలందరికీ అలవాటే. 2024 సంక్రాంతి వెళ్లాక విశాఖ మర్రిపాలెంలో ఒక షట్టర్ అద్దెకి దొరికింది, సరే మొదలుపెడదాం అనుకున్నాం. వంట వదినది, కాగితాల పని నాది.

తెలిసినవాళ్లు చెప్తే ముందు ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాం. అన్నీ కలిపి పద్దెనిమిది వేలు అన్నారు. ఆ రాత్రి కూర్చుని ఒక్కో పోర్టల్ తెరిచి చూస్తే చిన్న వ్యాపారాలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, జీఎస్టీ నంబరుకి ప్రభుత్వం పైసా తీసుకోదు, చిన్న వ్యాపారానికి ఫుడ్ రిజిస్ట్రేషన్ అప్పట్లో ఏడాదికి వంద రూపాయలు. ఉద్యమ్ అని వెతికితే ముందు డబ్బులడిగే ప్రైవేటు సైట్లే వస్తాయి, చూడటానికి ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, అక్కడ కట్టకండి. టైమ్ లేనివాళ్లు కన్సల్టెంట్‌కి ఇవ్వడం తప్పు కాదు, వాళ్లదీ కష్టమే. కానీ దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి కదా.

అసలు చిక్కు ఫీజుల దగ్గర రాలేదు, పేరు దగ్గర వచ్చింది. వదిన పాన్ కార్డు పెళ్లికి ముందు తీసినది, అందులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో మా ఇంటిపేరు, అదీ ఒక్క అక్షరం, చుక్క. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరే లేదు. ఇన్నేళ్లూ దీంతో ఏ పనీ ఆగలేదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. షాపు వదిన పేరు మీదే ప్రొప్రైటర్‌షిప్‌గా, అంటే తనొక్కతే యజమానిగా పెడుతున్నాం, జీఎస్టీ పోర్టల్ పేరుని పాన్‌తో సరిచూస్తుంది, తర్వాత ఆధార్ అడుగుతుంది. రెండూ కలవకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. మనలో ఎంతమంది ఆడవాళ్లకి కార్డుకొక పేరు ఉందో ఒకసారి మీ ఇంట్లోనే చూడండి. అన్నయ్య పేరు మీద పెట్టేస్తే వారంలో పని అయిపోతుందని ఇంట్లో అన్నారు. "నేను చేసే లడ్డూలకి ఆయన పేరెందుకు" అంది వదిన. నాకూ అదే సబబనిపించింది.

పాన్‌లో పేరు మార్చడానికి పెళ్లి రుజువు కావాలి. సింహాచలం కొండ మీద జరిగిన పెళ్లి, రిజిస్టర్ చేయించలేదు. శుభలేఖ కూడా రుజువుగా పనికొస్తుందని జాబితాలో చూసి నేను రెండుసార్లు చదివాను. చివరికి ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల్లో దొరికింది, పసుపు ఇంకా అంచులకి ఉంది. దాన్నే స్కాన్ చేసి పెట్టాం, మూడు వారాల్లో కొత్త కార్డు వచ్చింది. ఆధార్‌లోనూ ఇంటిపేరు పూర్తిగా రాయించి, బ్యాంకులో కూడా మార్పించి, అప్పుడు మొదలుపెట్టాం. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, ఫోన్‌లో నోట్‌గా పెట్టుకుని, ప్రతి ఫారంలో అదే కాపీ చేశాను. షాపు పేరూ, డోర్ నంబరూ కూడా అంతే.

తర్వాతి టెన్షన్ అడ్రస్ రుజువు. అద్దె అగ్రిమెంట్ మీద సంతకం చేసిన ఓనరు గారు శ్రీకాకుళంలో ఉంటారు. కరెంటు బిల్లు మాత్రం కాలం చేసిన వాళ్ల నాన్నగారి పేరు మీదే వస్తోంది. జీఎస్టీకి అప్లై చేశాక వివరణ అడుగుతూ నోటీసు వచ్చింది, ఈ రెండు పేర్లకీ సంబంధం ఏంటని. జవాబుకి ఏడు పనిదినాలే గడువు. ఆయన పాపం ఫోన్ చేసిన మర్నాడే తన పేరు మీదున్న ఇంటిపన్ను రసీదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అభ్యంతరం లేదని రాసిన లెటర్ పంపించారు. అవి పెట్టాక నంబరు వచ్చింది. షట్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందే కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో అడగండి, నేను అడగలేదు.

అసలు అంత చిన్న షాపుకి జీఎస్టీ ఎందుకని చాలామంది అడిగారు. నిజమే, ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మకాలకే. మా ఆర్డర్లలో సగం హైదరాబాద్ చుట్టాలవీ, వాళ్ల స్నేహితులవీ. మన మనసులో హైదరాబాద్ ఇంకా పక్క ఊరే గానీ 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం, మర్రిపాలెం నుంచి కూకట్‌పల్లికి ఒక్క డబ్బా అమ్మినా అంతర్రాష్ట్ర అమ్మకమే, టర్నోవర్ ఎంతన్న ప్రశ్న లేకుండా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఒక్క శాతం పన్నుతో తేలిగ్గా పోయే కాంపోజిషన్ పద్ధతి కూడా అందుకే మాకు కుదరలేదు, అందులో ఉంటే బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు కొరియర్ చేస్తున్నవాళ్లు వైజాగ్‌లో చాలామంది ఉన్నారు, ఈ సంగతి తెలియక ఇబ్బందిలో పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

మిగతావి ఇంత కష్టపెట్టలేదు. మేము తీసుకునేనాటికి 12 లక్షల లోపు టర్నోవర్ అయితే ఫుడ్ సేఫ్టీలో రిజిస్ట్రేషన్ చాలు, ఆపైన స్టేట్ లైసెన్స్. పద్నాలుగు అంకెల ఆ నంబరు ప్యాకెట్ మీద వేయాలి. ట్రేడ్ లైసెన్స్ జీవీఎంసీది, అంటే విశాఖ నగరపాలక సంస్థది. వార్డు సచివాలయం నుంచి వచ్చి షాపు చూసి వెళ్లారు. దాని గడువు ఆర్థిక సంవత్సరం ప్రకారం మార్చి 31తో అయిపోతుంది, మేము మార్చి మొదట్లో తీసుకుని ఏప్రిల్‌లో మళ్లీ కట్టాం. కాస్త ఆగితే సరిపోయేది. అందరూ లేబర్ లైసెన్స్ అనేది 1988 నాటి షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, మేము తీసుకునేనాటికి దానికి షాపు తెరిచాక ముప్పై రోజులు టైమ్ ఉండేది.

లేబుల్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పూర్ణా మార్కెట్‌లో కవర్లు ప్రింట్ చేయించడానికి వెళ్లేముందే నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారైన తేదీ, పూర్తి అడ్రస్, కస్టమర్ ఫోన్ చేసే నంబరు అన్నిటికీ చోటు ఉందో లేదో చూసుకోండి. ప్యాక్ చేసి అమ్మేవాళ్లు తూనికలు కొలతల శాఖలో కూడా పేరు నమోదు చేయించుకోవాలి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా వాళ్ల ముద్ర వేయించాలి. ఈ లేబుల్ పని వదిన ఎంత శ్రద్ధగా చేసిందో చెప్పలేను. సముద్రపు గాలికి జంతికలు మెత్తబడతాయని వారం రోజులు నాలుగు రకాల కవర్లలో పెట్టి చూసి, ఆ తర్వాతే గడువు తేదీ రాయించింది.

మేలో షాపు తెరిచాం. జీఎస్టీ సర్టిఫికెట్, ఫుడ్ రిజిస్ట్రేషన్ గోడకి కనిపించేలా పెట్టాలి కాబట్టి ఫ్రేములు కట్టించాం, రెండింటిలోనూ వదిన పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉంది. మొదటి కొరియర్ కూకట్‌పల్లిలో ఉన్న మా పిన్నికే వెళ్లింది. చుట్టరికం అని ఊరికే పంపుతానంటే పిన్ని ఒప్పుకోలేదు, "బిల్లు పెట్టవే అమ్మాయ్" అంది. మన రాష్ట్రం కోడ్ 37తో మొదలయ్యే నంబరు పైన, వదిన సంతకం కింద, మధ్యలో చోడి లడ్డూలు రెండు కిలోలు. ఆ బిల్లు కాపీ వదిన శుభలేఖ ఉన్న ట్రంకు పెట్టెలోనే దాచుకుంది.