గూడ్సు పెట్టె మీది పదకొండు అంకెలు

మంగళవారం, రాయగడ.

పొద్దున్నే గేటు పడింది. కొరాపుట్ వైపు నుంచి గూడ్సు నింపాదిగా వచ్చింది. రాత్రి వానకి ఎర్రమట్టి కారి పెట్టెల మీది నంబర్లు సగం సగం కనబడుతున్నాయి. ఒక్కటి మాత్రం నిండుగా ఉంది: 22091148898.

మొదటి 2 అంకెలు పెట్టె రకం, తర్వాతి 2 అది ఏ రైల్వేదో చెబుతాయి. ఆ పక్కన 11 అంటే 2011లో తయారైందని. 4889 వరుస నంబరు. చివరి 8 మాత్రం ముందున్న పది అంకెల్లోంచే పుట్టింది. అది నంబరు తప్పు రాస్తే పట్టించే తనిఖీ అంకె.

అది పుట్టే లెక్క ఇదీ. ఎడమ నుంచి సరి స్థానాల్లో ఉన్నవి 2, 9, 1, 8, 9. మొత్తం 29, దానికి మూడింతలు 87. బేసి స్థానాల్లో 2, 0, 1, 4, 8, మొత్తం 15. రెండూ కలిపితే 102. పైనున్న పదుల సంఖ్య 110కి ఇంకా 8 కావాలి. అదే చివరి అంకె. మొత్తం సరిగ్గా పదుల్లోనే వస్తే 0 వేస్తారు.

మూడింతలే ఎందుకు? రెండింతలు చేస్తే 1కీ 6కీ ఒకట్ల స్థానంలో 2 వస్తుంది, ఒకటి రాయబోయి ఇంకొకటి రాసినా తెలియదు. 3కీ 10కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి పది అంకెలకీ పది వేర్వేరు ఫలితాలు. ఏ ఒక్క అంకె తప్పినా దొరికిపోతుంది.

పక్కపక్క అంకెలు తారుమారైతే? 4889ని 4898 అని రాస్తే మొత్తం 100, తనిఖీ అంకె 0 కావాలి, పెట్టె మీద 8 ఉంది. దొరికింది. కానీ 16ని 61 అని రాస్తే దొరకదు, ఎందుకంటే తేడా 5. మూడుకి బదులు 7 పెట్టినా, 9 పెట్టినా ఇదే గతి. పదితో పొసగాలంటే గుణకం బేసి అయి తీరాలి, రెండు బేసి గుణకాల (ఇక్కడ 3, 1) తేడా సరి సంఖ్య, దాన్ని 5తో గుణిస్తే పదుల్లోనే పడుతుంది. ఇంత చిన్న కారణం ఇంత గట్టిగా అడ్డు నిలవడం ఎంత అందంగా ఉందో! ఆధార్ నంబరుకి వాడే వెర్‌హోఫ్ పద్ధతి మామూలు కూడిక వదిలేసి వేరే పట్టిక వాడుతుంది, అందుకే దానికి ఈ లోపం లేదు.

ఒకటి విడిచి ఒకటి ఉన్న అంకెలు తారుమారైనా ఇక్కడ పట్టుబడదు. 4889, 8849 రెండింటికీ తనిఖీ అంకె ఒకటే. మట్టి పట్టిన రేకు మీంచి నంబరు ఎత్తి రాసుకునేవాళ్లు ఈ రెండు చోట్లా మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

సాయంత్రం అదే సంఖ్య వేటితో నిశ్శేషంగా పోతుందో చూడ్డానికి మూడేసి అంకెలుగా విడగొట్టడం. కుడి నుంచే విడగొట్టాలి, ఎడమ నుంచి మొదలుపెడితే లెక్క మొత్తం చెడుతుంది: 22, 091, 148, 898. 898 − 148 + 91 − 22 = 819. 7 × 11 × 13 = 1001 కాబట్టి ఈ 819 ఆ మూడింటి సంగతే చెబుతుంది. 7తో పోతుంది, 13తో పోతుంది, 11తో 5 మిగులుతుంది. 819 తొమ్మిదితో కూడా పోతుంది గదా అని అసలు సంఖ్యా పోతుందనుకుంటే బోల్తా. దాని అంకెల మొత్తం 52, మూడుతో కూడా పోదు.

చివర 8 ఉంది కాబట్టి 2 ఉండనే ఉంది. 2 × 7 × 13తో భాగిస్తే వచ్చింది 12,13,79,939. ఇది 23 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదు. ఇదే ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 11,017 దాకా వెళ్లాలి. రేపు 29తో మొదలు.