మారుతి 800: ఫ్యాన్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం చల్లబడట్లేదు

ఏప్రిల్ 13

నాన్న 1997లో కొన్న బండి ఇది. కార్బురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆరేళ్ళు షెడ్డులో ఉండిపోయి, మొన్న సంక్రాంతికి మళ్ళీ స్టార్ట్ అయింది. బ్రేకుల పని, పెట్రోలు ట్యాంకు పని అయిపోయాయి. ఇక మిగిలింది వేడి.

విజయవాడలో రామవరప్పాడు రింగు నుంచి బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి చూశాను. బండి కదులుతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు పావు కూడా దాటదు. సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఇరుక్కుంటే మాత్రం ఎర్ర గీత వైపు పాకుతుంది. కదిలి గాలి తగలగానే దిగిపోతుంది. అంటే వాటర్ పంపు పని చేస్తున్నట్టే. ఆగి ఉన్నప్పుడు గాలి లాగాల్సిన ఫ్యాన్ దగ్గరే ఏదో ఉంది.

డ్యాష్‌బోర్డు కింద చేయి పెడితే ఒక స్విచ్ తగిలింది. నాన్నని అడిగాను. "ఎప్పుడో ఫ్యాన్ రావట్లేదని మెకానిక్ ఈ స్విచ్ పెట్టి డైరెక్ట్ చేశాడురా. ట్రాఫిక్‌లోకి వస్తే నేనే వేసేవాణ్ణి" అన్నారు. మన పాత బండ్లలో సగానికి ఈ వైద్యమే జరిగి ఉంటుంది. మనిషి మర్చిపోయిన రోజు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోతుంది. ఆ స్విచ్‌ని, దాని వైర్లని పూర్తిగా పీకేశాను.

ఏప్రిల్ 20

థర్మో స్విచ్ (ఇంజిన్ నీళ్ళు వేడెక్కితే ఫ్యాన్‌ని తనంతట తానే వేసే స్విచ్) కనెక్టర్ తీసి, దాని రెండు టెర్మినళ్ళను చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది. ఫ్యూజు, మోటారు బతికే ఉన్నాయి, పోయింది స్విచ్చే. ఖాయం చేసుకోవడానికి వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, స్విచ్‌ని వేలాడదీసి, మల్టీమీటర్ పెట్టి వేడి చేశాను. స్విచ్‌కి అంటుకుని ఉండే కూలెంట్ (రేడియేటర్ నీళ్ళలో కలిపే ద్రవం) విషం కాబట్టి వంటింటి గిన్నెలు ముట్టుకోవద్దు. నీళ్ళు తెర్లినా పాత స్విచ్‌లో సర్క్యూట్ కలవలేదు. ఆటోనగర్ నుంచి తెచ్చిన కొత్తది 93 డిగ్రీల దగ్గర కలిసి, చల్లారుతుంటే 87 దగ్గర విడిపోయింది.

పరుగులో ముల్లు పావు దగ్గరే ఎందుకుందో కూడా ఈరోజే తెలిసింది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ. ఎవరో వాల్వ్ తీసేశారు. ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే పెద్దాయనైతే "మన ఎండలకి వాల్వ్ ఎందుకు బాబూ, తీసేస్తేనే చల్లగా ఉంటుంది" అన్నారు. "హైవే మీద ఇంజిన్ అసలు వేడెక్కట్లేదు బాబాయ్, పెట్రోలు తాగేస్తోంది" అని చెప్పి కొత్తది తీసుకున్నాను. అనుభవంలో ఆయన ముందు నేనెంత, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట తీసుకోలేను. ఇంజిన్ తన వేడికి తాను చేరకపోతే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, ఆయిల్లో తేమ నిలిచిపోతుంది. కొత్త వాల్వ్‌ని అదే గిన్నెలో వేసి చూస్తే 82 దాటగానే తెరుచుకోవడం మొదలైంది.

రేడియేటర్ ఫ్లష్ చేస్తే బోరు నీళ్ళ సున్నం బురదలా వచ్చింది. ఇకపై డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మూత రబ్బరు కూడా పగిలి ఉంటే 0.9 కేజీల ఒత్తిడి (చదరపు సెంటీమీటరుకి) ఆపే కొత్త మూత వేశాను. ప్రెషర్ కుక్కర్ బరువు చేసే పనే దీనిదీ. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. అందుకే ఇంజిన్ వేడిగా ఉండగా మూత విప్పకూడదు.

ఏప్రిల్ 27

ఫ్యాన్ తనంతట తానే ఆన్ అయింది! ఆ చప్పుడు విని చాలా సంతోషపడ్డాను. కానీ పది నిమిషాలైనా ఆగదు, ముల్లు మెల్లగా ఎక్కుతూనే ఉంది. గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ షీటు పెడితే అతుక్కోవాలి. అతుక్కున్నట్టే అతుక్కుని జారిపోయింది. తిరిగే దిశ సరిగ్గానే ఉంది, లాగే బలమే లేదు.

ఇక్కడే రెండు వారాలు పోగొట్టుకోబోయాను. ఫ్యాన్ కనెక్టర్ తీసి కొలిస్తే 12.4 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.5. ఎర్త్ వైరుకి (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్ళే దారి) మీటరులో కంటిన్యుటీ, అంటే వైరు తెగలేదని చెప్పే పరీక్ష, పెడితే బీప్ వచ్చింది. అన్నీ బాగున్నాయి కాబట్టి మోటారే అరిగిపోయిందని కొత్తదానికి ధర కూడా కనుక్కున్నాను.

మే 3

మోటారు కొనేముందు ఇంకొక్కసారి కొలుద్దామనిపించింది. ఈసారి కనెక్టర్ పీకకుండా, ఇంజిన్, ఫ్యాన్ రెండూ నడుస్తుండగా వెనక నుంచి ప్రోబ్ గుచ్చి కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9. ఫ్యాన్ రెండు వైర్ల మధ్య 10.9 మాత్రమే! మూడు వోల్టులు దారిలోనే పోతున్నాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాన్ ప్లస్ దాకా 0.6. ఫ్యాన్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 2.4. దొంగ దొరికాడు, ఎర్త్ దారిలోనే.

క్లాంప్ మీటర్లో కరెంటు 5.4 ఆంపియర్లు. లెక్క కడితే ఎర్త్ దారిలో అర ఓం కూడా లేదు. మీటరు వైర్లకే ఇంచుమించు అంత ఉంటుంది, బీప్ రాక ఏం చేస్తుంది? కరెంటు పారనప్పుడు ఆ లోపం కనబడదు, ఫ్యాన్ లాగుతుంటేనే బయటపడుతుంది. ఎర్త్ బోల్టు మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది. 13 వాట్లు అక్కడే వేడైపోతున్నాయి మరి.

బ్యాటరీ మైనస్ తీసేసి బోల్టు విప్పాను. ఎప్పుడో బాడీకి పెయింట్ వేసినప్పుడు లగ్‌ని (వైరు చివర బోల్టు పట్టే రింగు) రంగు మీదే బిగించారు. కింద తుప్పు పొరలు పొరలుగా ఉంది.

మే 4

ఉప్పు కాగితంతో తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి, కొత్త లగ్ క్రింప్ చేసి, పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాను. తోడుగా ఇంకో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగాను.

థర్మో స్విచ్ మీద మోటారు కరెంటు పడకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) కూడా పెట్టాను. దాని పిన్నుల్లో 30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి థర్మో స్విచ్ నుంచి వచ్చే వైరు, 85 ఎర్త్‌కి. ఇప్పుడు ఫ్యాన్ దగ్గర 13.6 వోల్టులు, కరెంటు 7.2 ఆంపియర్లు. మోటారు అదే, ఇరవై ఏడేళ్ళు దాటినదే. చప్పుడే మారిపోయింది. న్యూస్‌పేపర్ గ్రిల్‌కి అతుక్కుపోయి, లాగితే చిరిగింది.

మే 11

మధ్యాహ్నం రెండు గంటలు, నిప్పులు చెరిగే ఎండ. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ వెళ్ళాను. ముల్లు సగానికి కాస్త కిందే నిలిచింది. ఫ్యాన్ రెండున్నర నిమిషాలు తిరిగి ఆగింది, కాసేపటికి మళ్ళీ అందుకుంది. సిగ్నల్ పడగానే నాన్న చేయి అలవాటుగా డ్యాష్‌బోర్డు కిందికి వెళ్ళింది. అక్కడ స్విచ్ లేదు. ముల్లు వైపు చూసి చేయి వెనక్కి తీసుకున్నారు.

హెడ్‌లైట్ల ఎర్త్ కూడా ఇలాగే రంగు మీద బిగించి ఉంది. వచ్చే ఆదివారం అది విప్పుతాను.