"ఓసీపీపీ ఉంది మేడమ్" అన్నారు

పోయిన సంక్రాంతికి రెండు రోజుల ముందు, రాత్రి పదిన్నరకి, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మా ఎలక్ట్రిక్ కారు పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. పొద్దున ఐదింటికల్లా అనంతపురం బయల్దేరాలి. కారు బ్యాటరీలో 14 శాతమే ఉంది. గోడకి ఛార్జర్ ఉంది, కరెంటు ఉంది, దాని గన్ను, అంటే ఛార్జింగ్ ప్లగ్గు, కారుకి పెట్టాను, లైటు కూడా వెలుగుతోంది. కానీ ఛార్జింగ్ మొదలవ్వాలంటే యాప్‌లో స్టార్ట్ నొక్కాలి. ఆ యాప్ లాగిన్ అవ్వకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఫోన్ మార్చి చూశాం, నెట్ మార్చి చూశాం, ఛార్జర్ ఆపి మళ్లీ వేశాం. కస్టమర్ కేర్ వాళ్ళు పొద్దున తొమ్మిదికి గానీ ఫోన్ ఎత్తరు.

మా ఇంటి గోడ, మా కరెంటు, మా బిల్లు, మా కారు. అయినా ఎక్కడో ఉన్న ఛార్జర్ కంపెనీ సర్వర్ "సరే" అంటేనే స్విచ్చి పడుతుందట. ఈ ముక్క ఆ రాత్రి దాకా నా బుర్రకి తట్టలేదు. నేనే సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, చెప్పుకోడానికి కూడా సిగ్గే.

చివరికి మా ఆయన వాచ్‌మన్ గది పక్కనున్న పదిహేను ఆంప్ సాకెట్‌కి కారుతో వచ్చిన మామూలు కేబుల్ పెట్టి, వైరు మీద ఎవరూ కాలు వేయకుండా రెండు ప్లాస్టిక్ కుర్చీలు అడ్డం పెట్టి వచ్చారు. పొద్దునకి 55 దాకా ఎక్కింది. దారిలో చిక్కబళ్లాపూర్ దాటాక ఒక ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాం. పండక్కి ఊళ్ళకి పోయేవాళ్ళంతా అక్కడే ఉన్నారు, మా ముందు మూడు కార్లు. ఇంటికి చేరేసరికి అమ్మ వండిన పొంగలి చల్లారిపోయింది, అది వేరే కథ.

తిరిగొచ్చాక ఆ ఛార్జర్ మార్చేద్దామని కూర్చున్నాను. దాదాపు నెల రోజులు చదివాను, అందరినీ అడిగాను. ఇందులో ఎక్కువమంది తికమకపడే చోట్లు రెండు మూడున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మొదటిది, గోడకి బిగించేదాన్ని ఛార్జర్ అంటాం గానీ అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడ మీది పెట్టె ఒక తెలివైన స్విచ్చి, అంతే. కారుతో అది మాట్లాడే పద్ధతి కూడా చాలా సాదాసీదా. గన్నులో కంట్రోల్ పైలట్ అని ఒక పిన్ను ఉంటుంది, దాని మీద సెకనుకి వెయ్యిసార్లు వోల్టేజీ పైకీ కిందకీ కొట్టుకుంటూ ఉంటుంది. అందులో పైన ఉండే సమయం ఎంత శాతమో దాన్ని 0.6తో గుణిస్తే అన్ని ఆంపులు లాగొచ్చని కారుకి అర్థం. 53 శాతం పైన ఉంటే 32 ఆంపులు, 27 ఉంటే 16. కారు సరేననగానే పెట్టె లోపల కాంటాక్టర్, అంటే కరెంటు కలిపే స్విచ్చి, టక్‌మని పడుతుంది. ఆ చప్పుడు వినే ఉంటారు. ఈ భాగానికి అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఐఈసీ 61851. మన దగ్గర ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ ఏసీ వైపు, అంటే ఇంటి కరెంటుతో ఎక్కించే వైపు, టైప్ 2 అనే రకం గన్నే. కాబట్టి ఏ కంపెనీ పెట్టె అయినా ఏ కారుకైనా పడుతుంది. "మీ కారుకి మా ఛార్జరే కావాలి" అని షోరూమ్‌లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

గొడవంతా పెట్టెకీ సర్వర్‌కీ మధ్య. అక్కడ కంపెనీ సొంత భాష వాడితే మనం ఆ కంపెనీకి కట్టుబడినట్టే. యాప్ ఆపేస్తే, కంపెనీ మూతపడితే, లేదా ఏడాది తర్వాత నెలకింతని చందా పెడితే మన చేతిలో ఏమీ ఉండదు. ఇవి ఊహించుకుని భయపడే మాటలు కావు. 2024 అక్టోబర్‌లో ఎనెల్ ఎక్స్ వే అనే ఛార్జర్ల కంపెనీ అమెరికాలో వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించింది. అక్కడ ఎంతోమంది ఇళ్ళలో వాళ్ళ జ్యూస్‌బాక్స్ ఛార్జర్లున్నాయి. కరెంటు వస్తుంది, కారుకి ఛార్జింగ్ ఎక్కుతుంది, కానీ యాప్‌తో చేసుకునే పనుల గతేమిటని జనం తలలు పట్టుకున్నారు. అంత పెద్ద కంపెనీకే అలా అయితే, రెండేళ్ళ కిందట పుట్టిన స్టార్టప్ యాప్‌ని పదేళ్ళు నమ్ముకోవడం ఎలా?

దీనికి మందు ఓసీపీపీ, అంటే ఓపెన్ ఛార్జ్ పాయింట్ ప్రోటోకాల్. నెదర్లాండ్స్‌లో 2009 ప్రాంతంలో మొదలైంది. అక్కడ పబ్లిక్ ఛార్జర్లు పెడుతున్నవాళ్ళు, ఒక కంపెనీ పెట్టె కొంటే ఆ కంపెనీ సర్వరే వాడాలనే బంధం వద్దనుకుని తయారు చేసుకున్నారు. ఇప్పుడు దాన్ని ఓపెన్ ఛార్జ్ అలయన్స్ అనే సంస్థ చూసుకుంటోంది. 2015లో వచ్చిన 1.6 వెర్షనే నేను చూసిన ఇంటి ఛార్జర్లలో ఎక్కువగా ఉంది. 2.0.1 2020లో వచ్చింది, సెక్యూరిటీ బాగా పెంచారు, కానీ 1.6తో నేరుగా కలవదు. ఇంటికి 1.6 చాలని నా అభిప్రాయం. ఉచితంగా దొరికే సర్వర్ సాఫ్ట్‌వేర్లు దానితోనే నిశ్చింతగా నడుస్తున్నాయి.

ఇక అసలు సంగతి. నేను ఫోన్ చేసిన ఐదుగురు అమ్మకందార్లలో నలుగురు "ఓసీపీపీ ఉంది మేడమ్" అన్నారు. బ్రోచర్‌లోనూ ఉంది. "సర్వర్ యూఆర్ఎల్ (ఛార్జర్ మాట్లాడే సర్వర్ అడ్రస్) నేనే మార్చుకోవచ్చా?" అని అడిగితే మాత్రం అవతల నిశ్శబ్దం. ఒకాయన "అదెందుకు మేడమ్, మా యాప్ చాలా బాగుంటుంది" అన్నాడు. ఇంకొకాయన టెక్నికల్ టీమ్‌ని అడిగి చెప్తానని మళ్లీ ఫోనే చేయలేదు. మూడో ఆయనది గుంటూరట, నా మాట విని "మీది అనంతపురం వైపా అండీ" అని పట్టేసి, తర్వాత దాపరికం లేకుండా చెప్పేశాడు. "ఉంటుందండీ, కానీ అడ్రస్ మా కంపెనీది లాక్ చేసేసి ఉంటుంది. లాక్ తీయాలంటే పైనుంచి పర్మిషన్ కావాలి. మీరు వేరేది చూసుకోండి." కొనకపోయినా ఆయనంటే గౌరవం కలిగింది.

అదండీ సంగతి. ఛార్జర్ లోపల ఓసీపీపీ మాట్లాడుతుంది, కానీ ఎవరితో మాట్లాడాలో కంపెనీ నిర్ణయిస్తుంది. తలుపుకి అందరూ వాడే తాళమే వేసి, తాళంచెవి మాత్రం వాళ్ళ జేబులో పెట్టుకున్నట్టు. అందుకని వెర్షన్ నంబర్ కంటే ముందు ఈ ప్రశ్న అడగండి, జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. సిమ్‌తో వచ్చే మోడళ్ళలో ఇంకో మెలిక ఉంది. ఆ సిమ్ కంపెనీది, ఆ సిమ్ గుండా వాళ్ళ సర్వర్ తప్ప మనింట్లో పెట్టుకున్న సర్వర్ కనపడదు. వైఫై గానీ, ఇంకా మేలు లాన్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే చోటు) గానీ ఉన్నది చూసుకోండి.

రెండో ప్రశ్న, నెట్ లేనప్పుడు ఏం చేస్తుంది? ఆ సంక్రాంతి రాత్రి నన్ను ముంచింది ఇదే. సర్వర్ దొరక్కపోయినా గన్ను పెట్టగానే మొదలయ్యేలా, లేదా కార్డు తాకిస్తే మొదలయ్యేలా సెట్టింగ్ ఉండాలి. గుర్తింపు కార్డుల జాబితాని పెట్టెలోనే దాచుకునే వీలు 1.6లో ఉంది, కానీ ప్రతి కంపెనీ పెట్టదు. స్మార్ట్ ఛార్జింగ్, అంటే సర్వర్ నుంచి ఆంపులు అదుపు చేయడం, కూడా అంతే, 1.6లో తప్పనిసరి భాగం కాదు. "1.6 కంపాటబుల్" అని రాసుకుని, బయటినుంచి ఆంపులు తగ్గించే వీలు మాత్రం ఇవ్వని పెట్టెలుంటాయి.

ఆంపులు తగ్గించడం మాకెందుకంత ముఖ్యమంటే, మా ఫ్లాట్ శాంక్షన్డ్ లోడ్, అంటే కరెంటు సంస్థ మాకు ఇచ్చిన పరిమితి, 5 కిలోవాట్లు. 32 ఆంపులంటే 7.4 కిలోవాట్లు, ఆ ఒక్కటే లోడ్ దాటిపోతుంది, దాని మీద పొద్దున గీజర్. లోడ్ పెంచమని బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌కి దరఖాస్తు పెట్టాం, ఆ పని అయ్యేదాకా 16 ఆంపులకే కట్టేసి నడిపాం. లోడ్ పెరిగితే కిలోవాట్‌కింతని నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా పెరుగుతుంది, లెక్కేసుకోండి. కర్ణాటకలో ఇళ్ళకి ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం సంగతి కూడా ముందే చెప్తున్నాను. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు దాదాపు 150 యూనిట్లు తాగుతుంది. ఇంటి వాడకంతో కలిసి 200 దాటిందా, ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. మా అత్తగారు ఇప్పటికీ "సున్నా బిల్లు వచ్చేది, కారొచ్చి పోగొట్టింది" అంటారు. పెట్రోలు బిల్లు సంగతి ఎత్తితే వినపడనట్టు టీవీ సౌండు పెంచుతారు.

వైరింగ్ దగ్గర ఎలక్ట్రీషియన్‌తో ఒక పూట వాదన అయింది. మీటర్ బోర్డు నుంచి మా పార్కింగ్ దాకా 40 మీటర్లు. "4 స్క్వేర్ ఎంఎం వైరు చాలు మేడమ్, అందరికీ అదే వేశా" అన్నాడు. చాలదని నేనంటే, పెద్ద ఏసీ కూడా దీని మీదే నడుస్తుంది కదా అంటాడు. ఏసీ రాత్రంతా ఆగకుండా 32 ఆంపులు లాగదు కదా అన్నాను. 6 స్క్వేర్ వేసినా ఆ దూరానికి ఎనిమిది వోల్టులు దారిలోనే పోతాయి, 10 వేస్తే ఐదు లోపు. కాగితం మీద లెక్క వేసి చూపించాక "మీరు ఇంజనీరా మేడమ్" అని 10 వేశాడు. 40 ఆంప్ ఎంసీబీ (లోడ్ మించితే పడిపోయే స్విచ్చి), దానితో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి), విడిగా ఎర్తింగ్. ఇక్కడ మాత్రం పొదుపు చేయొద్దు. డీసీ లీకేజీని 6 మిల్లీఆంపుల దగ్గర పట్టేసే ఏర్పాటు పెట్టెలోనే ఉందో లేదో కూడా అడగండి, లేకపోతే ఖరీదైన టైప్ బి ఆర్‌సీసీబీ విడిగా కొనాల్సి వస్తుంది.

బేస్‌మెంట్‌లో వైఫై రాదు. మూడో అంతస్తు నుంచి డక్ట్‌లోంచి లాన్ కేబుల్ దించడానికి అసోసియేషన్ పర్మిషన్‌కి మూడు వారాలు పట్టింది, కేబుల్ దించడానికి నలభై నిమిషాలు. సెక్రటరీగారి అనుమానమల్లా "దీంట్లో కరెంటు వెళ్తుందా" అనే.

ఇంట్లో పాత రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ ఒకటి పడుంది. అందులో ఇంట్లో పరికరాలని నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ఓసీపీపీ ఇంటిగ్రేషన్ విడిగా దించుకుని, ఛార్జర్ సెట్టింగ్స్‌లో ఆ పై అడ్రస్, 9000 పోర్ట్ ఇచ్చాను. ఇంకా పెద్దగా కావాలంటే జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీలో పుట్టిన స్టీవ్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్ ఉంది, ఇంటికి అంత అక్కర్లేదు. ఛార్జర్ రీస్టార్ట్ చేసి ల్యాప్‌టాప్‌లో లాగ్ తెరిచి కూర్చున్నా. బూట్ నోటిఫికేషన్ అని ఒక లైను పడింది, అంటే "నేను ఫలానా మోడల్‌ని, లేచాను" అని పెట్టె పలకరించడం. మా సర్వర్ "యాక్సెప్టెడ్" అంది. తర్వాత స్టేటస్ అవైలబుల్. మా ఆయన కింద గన్ను పెట్టగానే ప్రిపేరింగ్, ఆ వెంటనే ఛార్జింగ్. వోల్టేజీ 221, కరెంటు 15.8. కిందనుంచి ఫోన్ చేసి "టక్‌మంది, టక్‌మంది" అంటున్నారు. మా పెద్దాడు పుట్టినప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంబరం వినలేదు నేను.

తర్వాత రోజు రాత్రి పదకొండుకి మొదలవ్వాలని షెడ్యూల్ పెట్టాను. పొద్దున ఆరున్నరకి చూస్తే కారుకి ఛార్జింగ్ ఇంకా ఎక్కుతూనే ఉంది. లాగ్ చూస్తే మొదలైంది తెల్లవారుజామున నాలుగున్నరకి. ఓసీపీపీలో టైములు మామూలుగా యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైములో ఉంటాయి, నేనేమో మన టైము రాసి దాన్నే యూటీసీ అని పంపించాను. ఐదున్నర గంటల తేడా. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తానని ముందే చెప్పాను కదా, మళ్లీ చెప్పను.

ఇదంతా అందరూ చేయాలని కాదు. సర్వర్ నడిపే ఓపిక లేకపోతే కంపెనీ యాప్ హాయిగా వాడుకోండి, నేనూ మొదటి రెండు నెలలు ఈ కొత్త పెట్టెకి వాళ్ళ యాపే వాడాను, బానే ఉంది. వాళ్ళకేమైనా అయిన రోజు అడ్రస్ మార్చుకునే వీలుంటే చాలు.

మొన్న ఆదివారం నాలుగో అంతస్తు నెల్లూరు ఆయన కొటేషన్ కాగితం పట్టుకుని వచ్చారు. "ఓసీపీపీ 1.6 అని రాసిచ్చారమ్మా, ఇంక అడ్వాన్స్ ఇచ్చేయొచ్చు కదా" అన్నారు. కాగితం వెనక్కి తిప్పి నా రెండు ప్రశ్నలూ రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదట.