తడి తగలని నాలుగు రోజులు

ఖాళీ జాడీ ఒళ్లో పెట్టుకుని రైలెక్కిన మనిషిని జనం కాస్త వింతగానే చూస్తారు. సికింద్రాబాద్‌లో ఎక్కినప్పటి నుంచి ఎదుటి సీటు పెద్దాయన నన్నూ జాడీనీ మార్చి మార్చి చూసి, ఖమ్మం దాటాక ఇక ఉండబట్టలేక అడిగేశారు. "ఆవకాయకేనా అమ్మా?" అవునన్నాను. "వెల్లుల్లి వేస్తారా, వెయ్యరా?" అని వెంటనే రెండో ప్రశ్న. ఈ ప్రశ్న మీద మా అమ్మకీ పిన్నికీ ముప్ఫై ఏళ్లుగా పడదు. అందుకని నవ్వి ఊరుకున్నాను.

జాడీ అమ్మది. పైన గోధుమరంగు, కింద తెలుపు, మూత అంచు కాస్త పెచ్చు లేచింది. ఏటా ఎండలు ముదిరాక అమ్మ ఆవకాయ పెట్టేది, నేను సీసా పట్టుకెళ్లి నింపించుకొచ్చేదాన్ని. అంతవరకే నా పాత్ర. ఈసారి తమ్ముడికి పాప పుట్టిందని అమ్మ అమెరికాలో ఉంది. "కొనుక్కోవే, ఇప్పుడన్నీ దొరుకుతున్నాయిగా" అంది ఫోన్లో. ఆ మాటకి రోషం వచ్చింది. నలభై రెండేళ్లొచ్చి ఒక్క ఆవకాయ పెట్టుకోలేనా? గుంటూరులో పిన్నికి ఫోన్ చేస్తే, "రా. జాడీ తెచ్చుకో. బెజవాడలో దిగి రసాలు పట్టుకురా" అంది. మే నెల మొదటి వారం, పిల్లలకి సెలవులు. వాళ్లని వాళ్ల నాన్నకి అప్పజెప్పి బయల్దేరాను.

బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. స్టేషన్ బయటికి రాగానే పొయ్యి మూతి దగ్గర నిలబడ్డట్టు మొహానికి సెగ కొట్టింది. బస్టాండుకి వెళ్లే దారిలో తోపుడుబండి మీద నూజివీడు రసాలు కనిపించాయి. "ఇవాళ తినేవా అమ్మా, ఎల్లుండికా?" అని అడిగాడు బండబ్బాయి. నాకు తెలిసి ఏ సూపర్ మార్కెట్‌లోనూ ఈ ప్రశ్న అడగరు. ఇవాళ్టివి కొన్ని, ఎల్లుండివి కొన్ని అన్నాను. ఒక్కో కాయనీ ముచ్చిక దగ్గర వాసన చూసి, బొటనవేలితో తడిమి, డజను చిన్నరసాలు ఏరిచ్చాడు. సంచీలో చోటు లేదు. ఎలాగూ ఖాళీగా ఉందని సగం పళ్లు జాడీలో పెట్టేశాను. తెలివైన పనే చేశాననుకున్నాను అప్పటికి.

గుంటూరు నాన్‌స్టాప్ బస్సు కనకదుర్గ వారధి ఎక్కితే కుడి పక్కన ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో కట్టింది. కిలోమీటరు పైనే పొడవున్న ఆ గేట్ల వరసకి అవతల నిండుగా నీళ్లు, ఇవతల మా బస్సు కిందంతా ఇసక మేటలు, మధ్యమధ్య మడుగులు. కృష్ణలో నీళ్లు చూడాలంటే మే నెలలో బ్యారేజీకి ఎగువకి వెళ్లాల్సిందే.

బ్రాడీపేటలో అడ్రసులు లెక్కల పుస్తకంలా ఉంటాయి, ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని. ఆటో దిగి గడపలో కాలు పెట్టగానే పిన్ని నా చేతిలో జాడీ లాక్కుంది. కుశల ప్రశ్నలు లేవు. మూత తీసి, పళ్లు బయటపెట్టి, లోపల చెయ్యి పెట్టి అరచేతి వెనక భాగంతో గోడలు తడిమింది.

"పళ్లు పెట్టావా ఇందులో?"

"చోటు లేక..."

"సొన అంటింది చూడు. ఇందులో ఆవకాయ పెడితే నెల తిరక్కుండా బూజు. అక్కయ్య నీకు ఇదన్నా నేర్పలేదా?"

జాడీని మళ్లీ కడిగి, తుడిచి, డాబా మీద ఒకరోజంతా ఎండబెడితే తప్ప ముట్టుకోనంది. అలా నా రసాల పుణ్యమా అని రెండో రోజు పనేం లేకుండా పోయింది. బాబాయి మాత్రం సంతోషించాడు. "మంగళగిరి వెళ్లొద్దాం పదమ్మా, పానకాలస్వామిని చూసి ఎన్నాళ్లయిందో" అన్నాడు.

పొద్దున్నే వెళ్లినా మెట్లు అప్పటికే కాలుతున్నాయి. పైన గుడిలో దేవుడంటే తెరిచిన నోరే. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం బిందెలతో తెస్తారు. పూజారి శంఖంతో నోట్లో పోస్తుంటే గుటగుటమని చప్పుడవుతుంది. కాసేపటికి చప్పుడు ఆగుతుంది. స్వామి సగం తాగి సగం మనకి వదిలేశాడని లెక్క. ఆ మిగిలిన సగమే ప్రసాదం. ఇంత పానకం పోస్తున్నా అక్కడ చీమలు కనిపించవని అందరూ చెప్పుకుంటారు. భక్తి సంగతి పక్కన పెడితే, చెంచాడు పంచదార ఒలికితే వంటింటి గట్టంతా చీమల బారు చూసే ఆడదాన్ని, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే. ఆ ఎండలో గ్లాసుడు పానకం గొంతు దిగుతుంటే మిరియం ఘాటు ముక్కులోకి ఎక్కింది. రెండో గ్లాసు అడిగి మరీ తాగాను. కొండ దిగాక కింద పదకొండు అంతస్తుల గాలిగోపురం నీడలో కాసేపు నిలబడ్డాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది.

బస్సు కోసం వస్తుంటే రోడ్డు పక్కన తాటిముంజలు. కత్తితో కాయ నెత్తి చెక్కితే మూడు కళ్లు కనిపిస్తాయి. బాబాయి కొనిచ్చిన కాయని అక్కడే నిలబడి బొటనవేలితో పొడుచుకు తిన్నాను. నీళ్లు మోచేతి దాకా కారాయి. ముదిరిన ముంజ తింటే కడుపునొప్పి అని బాబాయి హెచ్చరించాడు, అప్పటికే ఒకటి ముదురుది తినేశాను. ఏమీ కాలేదు.

మూడో రోజు అసలు పని. ఊళ్లో ఆసియాలోనే పేరున్న మిర్చి యార్డు పెట్టుకుని, పిన్ని మాత్రం ఎండుమిరపకాయలు తెలిసిన రైతు దగ్గరే తీసుకుంటుంది. తొడిమలు తీసి, ఎండబెట్టి, మిల్లులో పట్టించి ఉంచింది. కారానికి గుంటూరు సన్నం, రంగుకి గుప్పెడు కర్ణాటక బ్యాడిగి. ఆ బ్యాడిగి మాట గుంటూరు వాళ్లు బయట చెప్పుకోరు. ఆవాలు, కళ్లుప్పు కూడా ఎండబెట్టి విడివిడిగా కొట్టించింది. ఆవాలు మిల్లులో వేడెక్కితే పిండి చేదెక్కుతుందని దగ్గర నిలబడి కొంచెం కొంచెంగా ఆడించిందట.

తెల్లారకముందే మార్కెట్‌కి వెళ్లి పాతిక కాయలు తెచ్చాం. పులుపు ఉండాలి, పీచు ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. బకెట్‌లో నానేసి, కడిగి, బాబాయి పాత పంచెతో ఒక్కోటీ తుడిచి ఆరబెట్టాక, కాయలు కొట్టే అతన్ని ఇంటికే పిలిచింది. పెద్ద కత్తిపీట ముందు కూర్చుని ఒక్క దెబ్బకి కాయని రెండు చెక్కలు చేసి, టకటకా ముక్కలు కొట్టేశాడు. ప్రతి ముక్కకీ టెంక అంటిపెట్టుకుని ఉండాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మెత్తబడిపోతుంది.

ఆ తర్వాత మొదలైంది. జీడి ఊడదీయాలి. టెంక లోపల కాగితంలాంటి తెల్లటి పొర ఉంటుంది, దాన్ని గోటితో లాగేయాలి. పొడి గుడ్డతో ముక్క తుడవాలి. ఇలా కొన్ని వందల ముక్కలు. నేనూ, పిన్నీ, పక్కింటి మామ్మగారూ నేలమీద కూర్చున్నాం. ఫ్యాను వేస్తే దుమ్ము పడుతుందని వెయ్యనివ్వలేదు. చెమట ముక్క మీద పడకూడదని మాటిమాటికీ భుజంతో మొహం తుడుచుకోవడమే. అరగంటకి నా గోళ్ల సందులు మండటం మొదలెట్టాయి. మామ్మగారు మాత్రం నావైపు చూడకుండా, నేను తీసిన ముక్కల్లోంచి ఒకటి తీసి, మిగిలిపోయిన పొరని లాగి, మళ్లీ నా గిన్నెలో పడేశారు. అలా మూడుసార్లు.

కొలత తేలికే. ముక్కలు నాలుగు గిన్నెలైతే అదే గిన్నెతో కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ఒకటికి కాస్త తక్కువ. గుప్పెడు మెంతులు. ముక్కల్ని పప్పునూనెలో ముంచి, పొడిలో దొర్లించి జాడీలో వేయడం, పైన మళ్లీ నూనె. వెల్లుల్లి దగ్గర ఆగాం. అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి, చంటిదాన్ని భుజాన వేసుకుని జోకొడుతోంది. "నా జాడీలో వెల్లుల్లి వెయ్యనివ్వకు" అంది గుసగుసగా. "వినపడిందిలే అక్కయ్యా" అంది పిన్ని గట్టిగా. చంటిది లేచింది, ఫోన్ ఆగిపోయింది. చివరికి నా జాడీ వెల్లుల్లి లేకుండా, పిన్ని జాడీ వెల్లుల్లితో.

పళ్లెంలో మిగిలిన పిండి, నూనెలో వేడివేడి అన్నం వేసి పిన్ని ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టింది. ఊరని ఆవకాయ, ముక్క ఇంకా కరకరలాడుతుంది, ఆవ ఘాటు నెత్తికెక్కుతుంది. మధ్యాహ్నానికి మామిడికాయ పప్పు, పెరుగు. వేరే కూర చేసే ఓపిక ఎవరికీ లేదు, ఎవరూ అడగలేదు కూడా.

సాయంత్రం నాలుగింటికి డాబా మీద సగ్గుబియ్యం వడియాలు ఆరుతున్నాయి. ఇంకాసేపట్లో చీర మీంచి ఒలుస్తామనగా పడమటి వైపు నల్లబడింది. మేం మెట్లెక్కేలోపే గాలివాన. చీర చుట్టి పట్టుకొచ్చేసరికి వడియాలు మళ్లీ జావ అయ్యాయి. పిన్ని మొదట తలుపు తీసి వంటింట్లో జాడీలు చూసొచ్చింది, తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని వాన చూస్తూ నిలబడింది. "పోతే పోయాయిలే, చల్లబడింది" అంది. రోజూ సాయంత్రం బిందెలతో నీళ్లు చల్లితే గానీ కాలు పెట్టలేని డాబా మీద ఆ రాత్రి నవారు మంచాలు వేసుకుని, ఎల్లుండికని తెచ్చిన రసాలు పిండుకుని తాగాం.

తిరుగు ప్రయాణంలో జాడీకి వాసెన కట్టి, దాని మీద ఇంకో గుడ్డ చుట్టి, మళ్లీ ఒళ్లోనే. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. వాసనకే తెలిసిపోయి ఉంటుంది, విజయవాడలో ఎక్కిన కుర్రాడు భోజనం పొట్లం విప్పుతూ జాడీ వైపు రెండుసార్లు చూశాడు.

ఇంటికొచ్చాక, మూడోనాడు తిరగ్గలపాలి. స్నానం చేసి, చెయ్యి తుడుచుకుని, చాలదనిపించి ఫ్యాను కింద ఇంకో ఐదు నిమిషాలు చెయ్యి ఆరబెట్టుకుని వాసెన విప్పాను. పిన్ని ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"నూనె పైకి తేలిందా?"

"వేలెడు."

"ఉప్పు?"

ముక్క నోట్లో వేసుకున్నాను. "కొంచెం తక్కువైందేమో పిన్నీ."

"వెల్లుల్లి వేసుంటే తెలిసేది కాదు" అంది.