కింగ్ క్రిమ్సన్‌తో ఆరో వారం: పదమూడు అక్షరాల దగ్గర మళ్ళీ తప్పాను

కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండు రాక్ బృందం రచన 'స్టార్‌లెస్'లో పదమూడు అక్షరాల (అంటే పదమూడు దెబ్బల) చుట్టు ఒకటి ఉంది. దానిని తప్పకుండా లెక్కపెడుతూ వినాలని, నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకు మిద్దె మీద కూర్చొని ముప్పై ఒకటోసారి ప్రయత్నించాను. పదకొండో ఆవర్తనంలో, అంటే పదకొండో చుట్టులో, మళ్ళీ సమం (చుట్టు మొదలయ్యే దెబ్బ) తప్పింది. పది ఆవర్తనాలు చేయి తడబడకుండా నిలవడం ఇదే మొదటిసారి కాబట్టి సంతోషంగానే ఉంది, కానీ ఆ పదకొండోది ఎందుకు చేజారిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఈ వారం రాతంతా దాని గురించే.

ముందుగా, ఇంతవరకు నడిచిన దారి గురించి కొంత చెప్పాలి. తెలియని బృందాన్ని వినడం మొదలుపెట్టేవారు సాధారణంగా ఎక్కువమంది విన్న పది పాటల జాబితాను తెరుస్తారు. కింగ్ క్రిమ్సన్ విషయంలో ఆ పద్ధతి పనికిరాదని మొదటి వారంలోనే తేలిపోయింది. 1969లో మొదటి ఆల్బమ్ వెలువరించిన బృందంలో చివరిదాకా నిలిచినవాడు గిటారు వాద్యకారుడు రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే. మిగిలినవారు దఫాలవారీగా మారుతూ వచ్చారు. 1969 నాటి పాట పక్కనే 1981 నాటి పాటను పెట్టి వినిపిస్తే, ఒకే పేరున్న రెండు వేర్వేరు బృందాలను విన్నట్లుంటుంది గాని, ఒక బృందం ఎదిగిన తీరు తెలియదు. అందువల్ల నేను ఒక్కొక్క దఫా సభ్యుల నుంచి ఒక్కొక్క ఆల్బమ్ ఎంచుకున్నాను: 1969 నాటి మొదటిది, 1973 నాటి 'లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్', 1974 నాటి 'రెడ్', 1981 నాటి 'డిసిప్లిన్', 1995 నాటి 'థ్రాక్'. ఒక్కొక్క దానికి ఒక వారం అనుకున్నాను. ఈ బృందం పాటలు 2019 వరకు స్ట్రీమింగ్ సేవలలో లేనే లేవు. ఇప్పుడు కడపలో కూర్చొని అన్నీ వినగలుగుతున్నామంటే అది మన అదృష్టమే.

1969 నాటి ఆల్బమ్ రెండు వినికిళ్ళలోనే మనసుకు పట్టింది. 1973 నాటిది నాలుగు రోజులు తీసుకొంది, అయినా బాగుంది. మూడో వారంలో మొదలుపెట్టిన 'రెడ్' నాలుగు వారాలైనా నన్ను వదలలేదు. అందులోని అయిదు రచనలలో చివరిదైన 'స్టార్‌లెస్' దగ్గరే నేను ఆగిపోయాను.

పన్నెండు నిమిషాలు దాటిన ఈ రచన మెలోట్రాన్ అనే మీటల వాయిద్యంతో మొదలవుతుంది. మెలోట్రాన్‌లో ఒక్కొక్క మీటకు ఒక్కొక్క టేపు ముక్క ఉంటుంది, ఒక మీటను సుమారు ఎనిమిది సెకన్లకు మించి పలికించలేరు. ఆ సంగతి తెలిసిన తరువాత, ఆ తీగల ధ్వని వెనుక నాకు ఒక ఊపిరి వినిపించడం మొదలైంది. జాన్ వెట్టన్ పాడే భాగం సుమారు నాలుగున్నర నిమిషాలకు ముగుస్తుంది. ఆ తరువాత మంద్ర స్వరాలు పలికే బేసు గిటారు ఒకే పలుకును మెల్లగా తిప్పి తిప్పి వాయిస్తూ ఉండగా, ఫ్రిప్ గిటారు ఒకే స్వరాన్ని పట్టుకొని, చాలాసేపటి తరువాత ఒక మెట్టు, మళ్ళీ చాలాసేపటి తరువాత ఇంకొక మెట్టు ఎక్కుతూ పోతుంది. ఆ బేసు పలుకు ఒక చుట్టుకు పదమూడు అక్షరాలు. నా కష్టమంతా అక్కడే.

చిన్నప్పుడు అయిదేళ్ళు మృదంగం నేర్చుకొన్నవాణ్ణి కాబట్టి, పదమూడు నాకు కొత్త లెక్క కాదనే ధైర్యంతో దిగాను. మొదటి మూడు ప్రయత్నాలలో తెలియకుండానే చేయి ఎనిమిది అక్షరాల ఆది తాళంలోకి పోయింది. నా ఎనిమిది, వారి పదమూడు కలిసి మళ్ళీ ఒకచోట పడాలంటే నూటనాలుగు దెబ్బలు గడవాలి, అంటే నాకు పదమూడు ఆవర్తనాలు, వారికి ఎనిమిది. మధ్యలో ఎక్కడ విన్నా నేను తప్పులోనే ఉంటాను. పైగా ఎనిమిదో చుట్టులో యాదృచ్ఛికంగా కలిసినప్పుడు 'పట్టేశాను' అనే భ్రమ కలుగుతుంది. ఆ భ్రమలో రెండు రోజులు వృథా అయ్యాయి.

నాలుగో ప్రయత్నం నుంచి సంకీర్ణ జాతి త్రిపుట పట్టాను. కర్ణాటక సంగీతంలోని ముప్పై అయిదు తాళాల పట్టికలో భోగ తాళమని పేరున్నది ఇదే: తొమ్మిది అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల రెండు ద్రుతాలు. ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు నుంచి బొటనవేలు వరకు అయిదు ఎంచి, మళ్ళీ చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్ళు ఎంచితే తొమ్మిది. తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. కాగితం మీద లెక్క సరిపోయింది. చెవికి సరిపోలేదు. లఘువులో రెండోసారి చిటికెన వేలు దగ్గరకు వచ్చేసరికి బేసు ఇంకో వాక్యం మొదలుపెట్టినట్లు వినిపిస్తుంది, నా చేయి మాత్రం ఇంకా మొదటి వాక్యంలోనే ఉంటుంది. అక్కడ మనసు చేతిని నమ్మడం మానేస్తుంది. ఈ పద్ధతిలో పన్నెండు ప్రయత్నాలు చేశాను. నాలుగో ఆవర్తనం దాటినవి రెండే.

తరువాత చేతిని పక్కన పెట్టి నోటితో పట్టాను. 'తకధిమి తకజొణు తకతకిట' అని నాలుగు, నాలుగు, అయిదుగా విడగొడితే ఆరు ఆవర్తనాలు నిలిచాయి. 'తకిట తకిట తకిట తకధిమి' అని ఆరు, ఏడుగా విడగొడితే ఎనిమిది నిలిచాయి. రెండో విభజనే పాటకు దగ్గరగా ఉందని నా ఊహ, ఎందుకంటే ఏడు దగ్గర మూడు, నాలుగుగా సాగే మిశ్రచాపు నడక వచ్చి శరీరం దానంతట అదే ముందుకు వంగుతుంది. అయితే ఇది ఊహ మాత్రమే. వాయించినవారు అలా లెక్కపెట్టారని నేను అనడం లేదు.

ఇక్కడ గది గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం వైఫల్యం దానిదేమోనని చాలా రోజులు అనుమానించాను. ఈ భాగం మొదట్లో చాలా మెల్లగా ఉంటుంది. కడపలో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం సాధ్యం కాదు. ఫోనులోని ధ్వని కొలిచే యాప్‌తో చూస్తే, ఫ్యాను మూడో నంబరులో 52 డెసిబెల్స్, కూలరు వేస్తే 63, తెల్లవారుజామున మిద్దె మీద 31. యాప్ కొలతలు కచ్చితమైనవి కాకపోయినా తేడాను నమ్మవచ్చు. ఒకరోజు రాయచోటి బస్సులో కూడా ప్రయత్నించాను. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నంతసేపూ బేసు గిటారు అన్నది వినిపించనే లేదు; పాలకోవ దుకాణాల దగ్గర బస్సు ఆగి ఇంజను నిలిచిన అయిదు నిమిషాలలో విన్నదే ఆ ప్రయాణం మొత్తం మీద నాకు దక్కింది. ఇలాంటి సంగీతాన్ని ప్రయాణంలో మొదటిసారి వినకూడదని అప్పుడు గట్టిగా అనిపించింది.

ఇయర్‌ఫోన్లు కూడా మార్చి చూశాను. బేసును పెంచి అమ్మే చవక రకం ఒకటి ఇంట్లో ఉండేది. దానిలో బేసు స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పదమూడులో ఏది మొదటిదో తెలియకుండా పోయింది. బేసు పెరగడం వేరు, బేసు విడివిడిగా వినిపించడం వేరు. రెండువేల రూపాయల లోపు దొరికిన మూన్‌డ్రాప్ చూ అనే రకం పెట్టుకొంటే స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలిసింది, కాబట్టి ఈ పనికి నేను దానినే సిఫారసు చేస్తాను. బ్లూటూత్ కన్నా తీగ ఉన్నదే మేలని నా అభిప్రాయం. తీరిగ్గా కూర్చొని వినేటప్పుడు ఛార్జింగ్ గురించి ఆలోచించవలసిన పని ఉండకూడదు. స్ట్రీమింగ్ యాప్‌లో పాటల ధ్వనిని ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగును ఆపేశాను. తరువాత స్నేహితుని దగ్గర సీడీ తెచ్చి పోల్చాను. నాకు చెప్పుకోదగిన తేడా వినిపించలేదు. ఫ్యాను ఆపడంలో కలిగిన లాభం, సీడీలో కలగలేదు.

అయినా, మిద్దె మీద, నిశ్శబ్దంలో, మంచి ఇయర్‌ఫోన్లతో కూడా ఎనిమిదో ఆవర్తనం దాటలేకపోయాను. కాబట్టి తప్పు గదిలో లేదు.

మృదంగంలో నా సహపాఠి ఒకరు ప్రొద్దుటూరులో ఉన్నారు, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. ఫోనులో నా గోడంతా విని, రెండుసార్లు పాట విని, మరునాడు అన్నమాట ఇది: "అన్నా, ముందు ఆ లెక్క పెట్టేది నిలుపు. గిటారు నీకు సమం చూపీదు. బేసాయన యాడ ఊపిరి తీసుకుంటాడో అది చూడు. రొంత నడుస్తా విను, కాలికి తెలుస్తాది." నేను నిజంగానే గిటారును వింటున్నాను. ఆ ఒకే స్వరం ఎప్పుడు పై మెట్టు ఎక్కుతుందా అనే ఉత్కంఠలో చెవి అంతా అటే పోతోంది. పదమూడును మోస్తున్న బేసు చెవికి అంచున మిగిలిపోతోంది.

నడిచి చూశాను. పదమూడు బేసి సంఖ్య కాబట్టి ఒక విచిత్రం జరిగింది. మొదటి ఆవర్తనం సమం కుడికాలి మీద పడితే, రెండోది ఎడమకాలి మీద పడుతుంది, మూడోది మళ్ళీ కుడికాలి మీద. వరుసగా రెండుసార్లు సమం ఒకే కాలి మీద పడిందంటే ఎక్కడో ఒక అక్షరం పోయిందనో, కలిసిందనో అర్థం. వేళ్ళతో ఎంచినప్పుడు తప్పు జరిగిన చాలాసేపటికి గాని తెలిసేది కాదు. కాలితో నడిస్తే మరుసటి సమానికే తెలిసిపోతుంది. ఆరు వారాలలో నాకు దొరికిన అతి మంచి సాధనం ఇదే.

దీనికి కావలసింది పొడవైన దారి. మా మిద్దె ఒక కొస నుంచి ఇంకొక కొసకు నా అడుగులతో పంతొమ్మిది. ఇరవై ఆరు ఉంటే రెండు ఆవర్తనాలు సరిగ్గా పట్టేవి. పంతొమ్మిదో అడుగు దగ్గర పిట్టగోడ వచ్చి, తిరిగేటప్పుడు ఒక అర అడుగు తేడా పడి, కాళ్ళ వరుస చెదిరిపోతుంది. అందువల్ల నిన్నటికి ముందు నాలుగు రోజులూ వీధి చివరి మైదానంలో వెలుతురు రాకముందే నడిచాను. ఇరవై ఏడో ప్రయత్నంలో ఏడు, ఇరవై ఎనిమిదిలో తొమ్మిది, ఇరవై తొమ్మిదిలో అయిదు, ముప్పైలో తొమ్మిది ఆవర్తనాలు నిలిచాయి. నిన్న మైదానంలో క్రికెట్ ఆడే పిల్లలు ముందే చేరడంతో మిద్దె మీదే కూర్చొని, నడవకుండా, రెండు కాళ్ళనూ ఒకదాని తరువాత ఒకటి నేలకు తాకిస్తూ విన్నాను. పది నిలిచాయి. పదకొండోది పోయింది.

పదకొండో ఆవర్తనం దగ్గర ఏం జరుగుతోందో రాత్రి పదేపదే విన్నాను. అక్కడికి వచ్చేసరికి బిల్ బ్రూఫర్డ్ డప్పుల వైపు నుంచి చెక్క దెబ్బలు ఒక్కొక్కటిగా ఎక్కువవుతూ వస్తాయి. అవి సమం మీద పడవు, సమానికి ముందో వెనుకో పడతాయి. 1972లో యెస్ (Yes) అనే రాక్ బృందం నుంచి ఈ బృందంలోకి వచ్చిన ఈయన వాయించే తీరు, మృదంగంలో అనాగతం, అతీతం (సమం మీద కాక దానికి ముందో వెనుకో ఎత్తుకోవడం) నేర్చుకొన్నవారికి బాగా తెలిసినట్లే ఉంటుంది. ఎత్తుగడ సమం మీద ఉండదని తెలిసినా, దెబ్బ పడినచోటికి కాలు పరుగెత్తుతుంది. నా రెండో అనుమానం బేసు గురించి. నాకు వినిపించినంతలో బేసు పలుకు అదే లయలో ఉంటూనే స్థాయి మార్చుకొనే చోట్లు కొన్ని ఉన్నాయి. స్థాయి మారగానే 'కొత్త వాక్యం' అని మనసు పొరబడి సమాన్ని ఒక అక్షరం ముందుకు లాగుతోంది. ఈ రెంటిలో ఏది కారణమో తేల్చాలంటే, స్థాయి మారినా చెక్క దెబ్బలు లేని చోటును విడిగా తీసి వినాలి.

తొమ్మిదో నిమిషం దరిదాపుల్లో ఇదంతా విచ్చుకొని, వేగం పెరిగి, సాక్సోఫోన్ మీద పడినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. చివరకు మొదటి రాగమే సాక్సోఫోన్ మీద తిరిగి రావడం వింటే, ఆ ఒకే స్వరం అంతసేపు ఎందుకు ఎదురుచూసిందో తెలిసినట్లుంటుంది. 1974లో ఈ ఆల్బమ్ విడుదలయ్యే నాటికే ఫ్రిప్ బృందాన్ని రద్దు చేశాడు. సమం తప్పినా ఆ ముగింపు నాకు దక్కుతూనే ఉంది, అందుకే ఇంకా విసుగు రాలేదు.

వచ్చే వారం పని ఇలా అనుకొన్నాను. ఫోనులో ఆడియో కత్తిరించే యాప్‌తో ఆ మధ్య భాగాన్ని మూడు ముక్కలు చేసి, మొదటి ముక్కను మాత్రమే మూడు రోజులు నడుస్తాను. తరువాత డప్పుల వరకు. ప్రొద్దుటూరులోని ఆ సహపాఠి ఆదివారం వస్తానన్నాడు. ఆయన మృదంగం మీద ఆరు, ఏడు వాయిస్తూ ఉంటే నేను బేసు వింటూ నడుస్తాను. ఇద్దరం కలిసి ఇరవై ఆవర్తనాలు దాటితే 'డిసిప్లిన్'కు వెళ్ళిపోతాను. అందులో ఏడ్రియన్ బెల్యూ, ఫ్రిప్ ఇద్దరి గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకొని సాగుతాయని, టోనీ లెవిన్ చాప్‌మన్ స్టిక్ అనే తీగల వాయిద్యం వాయిస్తాడని తెలిసినప్పటి నుంచి అటే మనసు లాగుతోంది. ఆ తరువాత 1970లలో మొదలైన శక్తి బృందం ఉంది; గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన విక్కు వినాయకరామ్ ఘటం వాయించిన ఆ సంగీతానికి నా చేతికి అలవాటైన తాళాలతోనే వెళ్ళవచ్చు. అయితే దాన్ని ఇప్పుడే తెరవను. ముందు మైదానానికి పిల్లల కన్నా అరగంట ముందు చేరాలి, అందుకు రేపటి అలారం నాలుగింటికి పెట్టాను.