ఒంగోలు కోడెదూడ మేత: వేరుశనగ చెక్క తగ్గించి మొక్కజొన్న కలిపిన నెల

నెల మొదట్లో కోడెదూడ ఛాతీ చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 113. చుట్టుకొలతను అంతతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 10,840తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. సుమారు 150. పొద్దున్నే మేత, నీళ్ళు పెట్టకముందు, నాలుగు కాళ్ళూ సమంగా మోపినప్పుడే టేపు వేస్తాను.

అప్పటిదాకా వరిగడ్డి, దాంతో కిలో వేరుశనగ చెక్క, అంటే గింజల నూనె తీశాక మిగిలే పిప్పి. చెక్క పడితేనే ఒళ్ళు చేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. చెక్కలో మాంసకృత్తులు 40 శాతం దాకా ఉంటాయి, నిజమే. కానీ కడుపులో సూక్ష్మజీవులు వాటిని వాడుకోవాలంటే అదే వేళకు పిండిపదార్థం కూడా అందాలి. లేకపోతే మిగిలింది అమ్మోనియా అయి, కాలేయంలో యూరియాగా మారి, మూత్రంలో పోతుంది. అంత ఖరీదు పెట్టి కొన్న చెక్క అలా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున కొట్టంలోకి వెళ్తే ముక్కుకు ఘాటు తగిలేది, పేడ జారుగా పడేది.

అలాగని వట్టి గడ్డి మీద ఉంచినా ఎదగదు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. మొత్తం మేతలో 7 శాతం కన్నా తగ్గితే పీచు సరిగా అరగదు. మన ఒంగోలు సంతతే అయిన బ్రెజిల్ నెలోర్ పశువులకు వానల్లేని కాలంలో పచ్చిక ఎండిపోయినప్పుడు అక్కడివాళ్ళు మాంసకృత్తుల దాణా ఇచ్చేది ఇందుకే.

ఇప్పుడు రోజుకు వరిగడ్డి 2 కిలోలు, సూపర్ నేపియర్ అనే గడ్డి పచ్చిమేత 5 కిలోలు, మొక్కజొన్న నూక 800 గ్రాములు, చెక్క 700 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం, కాస్త ఉప్పు. లెక్క వేస్తే ఎండు పదార్థం, అంటే నీరు తీసేయగా మిగిలే మేత, 4 కిలోలు దాటింది, అందులో మాంసకృత్తులు 12 శాతం దగ్గర. నూక ఒక్కసారిగా పెంచకూడదు, కడుపు పులుస్తుంది. వారం పైగా పట్టేలా కొద్దికొద్దిగా పెంచి, రెండు పూటలకూ పంచాను. చెక్కను మాత్రం విరిచి వాసన చూడందే వేయను. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది దూడ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

నెలాఖరు కొలత: చుట్టుకొలత 125, పొడవు 116, అంటే 167 కిలోలు. పేడ గట్టిపడింది, ఘాటు తగ్గింది, వీపు మీద వెంట్రుక నిగనిగలాడుతోంది. టేపు లెక్కలో కొన్ని కిలోలు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వచ్చే నెలా ఇదే మేత కొనసాగించి, ఆ తర్వాతే చెక్కలో కొంత తీసి పత్తి చెక్క కలుపుతాను.