సాత్‌తాల్‌కు ఒక కాపరి ప్రయాణం

మే నెల మొదట్లో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు చర్చిలో నడిపే బైబిల్ బడి) పిల్లల సందడి, అది ముగిసీ ముగియగానే వరుసగా పెళ్లిళ్లు. అవన్నీ అయ్యాక, బడులు తెరిచేలోగా దొరికిన ఖాళీలో ఉత్తరాఖండ్‌లోని సాత్‌తాల్ క్రైస్తవ ఆశ్రమానికి బయల్దేరాను. ‘మీటింగులు ఎక్కడ అయ్యగారూ?’ అని సంఘంలో అందరూ అడిగారు. మీటింగులు కాదు, నేను వాక్యం చెప్పను, ప్రార్థన చేసుకోవడానికి వెళ్తున్నానంటే ఒక పెద్దాయన కంగారుపడి, ‘ఒంట్లో బాగానే ఉంది కదా?’ అన్నారు. ప్రేమతోనే అడిగారు. మా దగ్గర పాస్టర్ ఊరు దాటాడంటే ప్రసంగానికైనా వెళ్లాలి, ఆసుపత్రికైనా వెళ్లాలి. మూడో కారణం ఎవరికీ తోచదు.

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, పాత ఢిల్లీ స్టేషన్‌లో రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున కాఠ్‌గోదాంలో దిగొచ్చు. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు, ఆపైన అన్నీ కుమావ్ కొండలే. షేర్ జీపులో భీమ్‌తాల్ చేరి, అక్కడ ఇంకో బండి మాట్లాడుకున్నాను. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పింది కానీ, కిటికీలోంచి వచ్చే చల్లగాలికి ప్రాణం లేచొచ్చింది. సాత్‌తాల్ సముద్రమట్టానికి దాదాపు 1,370 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఓక్, పైన్ చెట్ల మధ్య గరుడ్ తాల్, రామ్ తాల్, సీతా తాల్ అంటూ చిన్న చిన్న సరస్సులు. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు పెద్ద పెద్ద కెమెరాలతో కనిపించారు. క్రైస్తవ ఆశ్రమం ఆ చెట్ల మధ్యే ఉంది.

దాన్ని 1930లో మొదలుపెట్టిన స్టాన్లీ జోన్స్ గురించి సెమినరీలో చదువుకున్నాం. అయితే అప్పుడు ఆయన పుస్తకాలూ, గాంధీగారితో స్నేహమూ మాత్రమే గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు నన్ను అంత దూరం లాగింది ఆయన కుప్పకూలిన కథ. అమెరికా నుంచి 1907లో లక్నో వచ్చిన ఈ మెథడిస్టు మిషనరీకి, సుమారు ఎనిమిదేళ్లు పనిచేసేసరికి ఒళ్లూ నరాలూ సహకరించడం మానేశాయి. విశ్రాంతికి స్వదేశం వెళ్లాడు. తిరిగొచ్చాక మళ్లీ అదే పరిస్థితి. కొండ ప్రాంతాలకు వెళ్లి ఉండేవాడు, కిందికి దిగి పని మొదలుపెట్టగానే మళ్లీ పడిపోయేవాడు. చివరికి లక్నోలోనే, ఒక రాత్రి ప్రార్థనలో, నేను పిలిచిన పనికి నువ్వు సిద్ధమేనా అని దేవుడు అడిగినట్టు అనిపించిందట. నా శక్తి అయిపోయింది ప్రభువా అన్నాడు. ఆ భారం నాకు అప్పగించి దిగులు మానుకో అన్న జవాబు వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా పనిచేశాడు. 1928లో బిషప్‌గా ఎన్నుకుంటే, అభిషేకం జరగకముందే ఆ పదవి వదులుకున్నాడు.

దీని గురించి అక్కడి రాళ్ల దారుల్లో నడుస్తూ చాలా ఆలోచించాను. కొండల మీద విశ్రాంతి ఆయన్ని బాగుచేయలేదు. ఎండలో కాలే లక్నోలో, పని మధ్యలో, తన ఖాళీతనం ఒప్పుకున్నప్పుడు బాగుపడ్డాడు. అలాంటప్పుడు ఈ ఆశ్రమం ఎందుకు కట్టినట్టు?

జవాబు మొదటి ఉదయమే దొరికింది. ‘తెరిచిన హృదయాల ఉదయం’ అనేది జోన్స్ నాటి నుంచీ వస్తున్న పద్ధతి. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఎందుకొచ్చావు, నీకేం కావాలి, నిజంగా నీ అవసరమేమిటి అన్న ప్రశ్నలకు ఒక్కొక్కరే జవాబు చెప్పాలి. ఎవరూ సలహా ఇవ్వరు, వాక్యం ఎత్తి సరిదిద్దరు. ఒడిశా నుంచి వచ్చిన ఒక పెద్ద పాస్టర్‌గారు (ఆయన అనుమతితోనే రాస్తున్నాను) చాలాకాలంగా ప్రసంగం పాయింట్ల కోసం తప్ప బైబిల్ తెరవలేదని చెప్పి ఏడ్చారు. నా వంతు వచ్చినప్పుడు వచ్చీరాని హిందీలో ఒక్క మాటే అన్నాను, నా కోసం ఎవరైనా ప్రార్థన చేయాలి అని. పక్కనున్న పంజాబీ సోదరుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. సంఘంలో రోజూ ఎంతమంది తలల మీద చేతులుంచుతానో! నా మీద ఒకరు చెయ్యి వేయడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

అక్కడ రెవరెండ్, బిషప్ అన్న బిరుదులు వాడరు. జోన్స్‌ను కూడా బ్రదర్ స్టాన్లీ అనేవారట. సభల ఫ్లెక్సీల మీద పేరుకు ముందు నాలుగు బిరుదులు వేయించుకునే అలవాటున్న మాకు ఇది మందు లాంటిది. బిరుదు తీసి పక్కన పెడితేగాని, అలసిపోయానని చెప్పుకోవడానికి నోరు రాదు.

పని గంట కూడా ఉంటుంది. నాకు దారి మీది ఆకులు ఊడ్చే పని వచ్చింది. జోన్స్ రోజుల్లో వారానికోసారి పాకీపని చేసేవారికి సెలవిచ్చి, ఆశ్రమవాసులే, కులం చూడకుండా, ఆ పని చేసేవారు. తెలుగునాట మా సంఘాలు ఎక్కువగా పుట్టింది మాల, మాదిగ పేటల్లో. మా తాతల చేత చీపురు పట్టించిన లోకం, వాళ్ల మనవడికి కుర్చీ వేసి కూర్చోబెట్టేసరికి ఆ మనవడు చీపురు మరిచిపోయే ప్రమాదం ఉంది. ఆ ఆకులు ఊడుస్తున్నంతసేపూ నాకు వాళ్లే గుర్తొచ్చారు.

రాత్రి నుంచి ఉదయం దాకా మౌనం. ఫోన్ ఆపేసి బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ చదివాను. చచ్చిపోతే బాగుండనుకుని బదరీచెట్టు కింద పడుకున్న ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. ఒక్క మందలింపు లేదు. హోరేబు కొండ చేరాకే, ఇక్కడ నీకేం పని అని అడిగాడు. నేను ఇది ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. విశ్రాంతి లేకుండా ఆ ప్రశ్న వినే ఓపిక ఉండదు, ప్రశ్న లేకుండా విశ్రాంతి మాత్రమే చాలదు. సాత్‌తాల్‌లో రెండూ దొరికాయి.

పాస్టర్లకు ఇలాంటి విశ్రాంతి సంఘమే ఏర్పాటు చేయాలని నా గట్టి నమ్మకం. ఇళ్లలో జరిగే కాటేజ్ ప్రేయర్లు, ఉపవాస ప్రార్థనలు, సమాధి కార్యక్రమాలు, డిసెంబర్ పొడవునా సెమీ క్రిస్మస్‌లు (పండగకు ముందే చేసే క్రిస్మస్ వేడుకలు), వీటి మధ్య మనిషి తనంతట తాను సెలవు అడగడు. అడిగితే సేవలో వెనకబడ్డాడంటారని భయం. శిష్యులకు తినడానికైనా తీరిక లేకపోతే, రండి, ఏకాంతంగా కాసేపు అలసట తీర్చుకోండి అని యేసే చెప్పాడు. వాళ్లు అడగలేదు.

తిరిగొచ్చాక ఈ మాట సంఘ కమిటీ ముందు పెట్టాను. ఏడాదికి ఒక వారం, ఆ ఆదివారం పక్క ఊరి పాస్టర్‌గారు మా సంఘంలో వాక్యం చెప్తారు, ఆయన వెళ్లినప్పుడు నేను వాళ్ల సంఘానికి వెళ్తాను. ప్రయాణ ఖర్చుకు లెక్కల పుస్తకంలో వేరే పద్దు రాశారు. అంతా అయిపోయిందనుకుంటుంటే స్త్రీల సమాజం తరఫున వచ్చిన ఒక అక్క లేచి, ‘మరి అమ్మగారు ఎప్పుడు వెళ్తారు? ఇంటికి వచ్చిన వాళ్లందరికీ వండిపెట్టేది, ఏడ్చే ఆడవాళ్ల పక్కన కూర్చునేది ఆమే కదా’ అన్నారు. వచ్చే వేసవి వంతు నా భార్యకు రాశారు. ఆ వారం పిల్లల్ని చూసుకోవడం, వంట, శుక్రవారం స్త్రీల ప్రార్థనకు కుర్చీలు వేయడం నా పని.